దసరా నాడు ఆగే ఓడ

మా పెద్దనాయన పోయిన కబురు నేను అందుకున్న తీరు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. బడి అయిపోయి, వికారాబాద్ స్టేషన్ ముందు నుంచి ఇంటికి నడుస్తున్నాను. శ్రావణం ముసురు. తాండూరు నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెద్దనాయన లేస్తలేడు బిడ్డా" అంది. నేనేమో గొడుగు సర్దుకుంటూ, "గట్టిగ పిలువు పెద్దమ్మా, ఆయనకు ఇనబడది గదా" అన్నాను. "పిలిచిన. మస్తు సేపు పిలిచిన" అంది. అప్పటికి గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు.

మధ్యాహ్నం అన్నం తిని, రోజూ లాగే పావుగంట పడుకుంటానని పడుకున్నాడట. పావుగంట అంటే పావుగంటే. ఓడ ఇంజన్ గదిలో డ్యూటీలు చేసి చేసి, గడియారం చూడకుండా లేవడం ఆయనకు అలవాటైపోయింది. అర్ధగంటైనా లేవకపోయేసరికి పెద్దమ్మకు అనుమానం వచ్చింది. నేను దొరికిన రైలెక్కి తాండూరు చేరేసరికి వాకిలి నిండా జనం. అందులో సగం మంది బండల పాలిష్ మిషన్ల వాళ్లు, ఆయన చేత మోటార్లు బాగు చేయించుకున్నవాళ్లు. మోటర్ల పెద్దాయన పోయాడని వాళ్లు, పడవలో పనిచేసినాయన పోయాడని వాడకట్టు వాళ్లు, మిలిట్రీ ఆయన పోయాడని బజారు వాళ్లు. ఒక్క మనిషి కోసం మూడు రకాల జనం వచ్చారు. ఎవరో, సర్కారు ఫౌజులో చేసిన మనిషి కదా, మీద జెండా కప్పాలన్నారు. ఇంకెవరో, రిటైరై ఇంట్లో పోయినవాళ్లకు కప్పరన్నారు. ఆ వాదన తెగక తెగక పెద్దమ్మ దాకా వచ్చింది. ఆమె కళ్లు తుడుచుకుని, "ఏ జెండా?" అని అడిగింది. దుఃఖంలో ఆమెకు మతి తప్పిందనుకున్నారు అందరూ. నాకు మాత్రం అది న్యాయమైన ప్రశ్నే అనిపించింది. ఎందుకో చెప్పాలంటే ఆ ఓడ సంగతి చెప్పాలి.

తాండూరులో బండ ఉంది, కంది ఉంది, సిమెంటు దుమ్ము కావలసినంత ఉంది. సముద్రం మాత్రం లేదు. అయినా పద్దెనిమిదేళ్ల వయసులో, రాళ్ల మిషన్ దగ్గర కూర్చోమన్న మా తాత మాట వినకుండా పెద్దనాయన నేవీలో చేరాడు. ఇంజన్ మెకానిక్. సర్వీసులో ఎక్కువ కాలం ఒకే ఓడలో గడిపాడు. అది యుద్ధాలు చేసే పెద్ద ఓడ కాదు, గస్తీ ఓడ. తీరం వెంట తిరిగి దొంగ సరుకు పట్టుకోవడం, తుఫానులో తప్పిపోయిన చేపల పడవలను వెతికి తేవడం దాని పని. మా వాడకట్టులో ఎవరైనా దాన్ని పడవ అంటే ఆయనకు చర్రున కోపం వచ్చేది. "పడవ కాదు, షిప్పు. పడవను షిప్పు మీద పెట్టుకపోతం" అనేవాడు. ఇలా వంద సార్లు చెప్పినా మావాళ్లు పడవ అనే అన్నారు.

ఆ ఓడలో రెండు డీజిల్ ఇంజన్లు. ఒక్కొక్కటి మా వంటగదంత ఉండేదట. వాటి పక్కన కూర్చుని కూర్చుని ఆయన చెవులు పోయాయి. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో అందరమూ ఆయనతో అరిచే మాట్లాడాం. మంచినీళ్లు కావాలా అని అడిగితే పక్క వీధి వాళ్లు కూడా వద్దనేవారు. చెవులు లేకపోయినా పని ఆగలేదు. మోటారు మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, ఏ బేరింగు అరిగిందో చెప్పేసేవాడు. వేడి మీదున్నదాన్ని విప్పొద్దు అనేవాడు. మోటారు సంగతే అనుకునేదాన్ని. మా నాన్నతో మా అమ్మ కొట్లాడి పుట్టింటికి పోతానని సంచి సర్దుకున్న రోజున కూడా అదే మాట అన్నాడు.

ఓడకు వయసైపోయింది. మన నేవీలోకి కొత్త ఓడలు వస్తున్నాయి. ఈ పాతదాన్ని బాగు చేసి, రంగేసి, మనకు స్నేహమైన ఒక చిన్న ద్వీపదేశానికి ఇచ్చేశారు. ఆ దేశం పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. ఓడను అక్కడికి తీసుకుపోయి, వాళ్లకు పని నేర్పి రమ్మని పంపినవాళ్లలో పెద్దనాయన ఒకడు.

అప్పగించిన రోజు గురించి ఆయన ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు, చెప్పిన ప్రతిసారీ ఒక చోట ఆగిపోయేవాడు. బ్యాండు వాయించారట. మన జెండా దించారు, వాళ్ల జెండా ఎక్కించారు. మనవాళ్లందరూ వరసగా మెట్లు దిగి ఒడ్డుకు పోయారు. నేర్పడానికి ఆగిన ఐదుగురు మాత్రం ఓడలోనే ఉండిపోయారు. ఓడ పక్కన వెల్డింగ్‌తో పెట్టిన పాత పేరును గ్రైండరుతో చెక్కేసి కొత్త పేరు రాశారు. ఆ గ్రైండరు మోతకు తాండూరు యాదికొచ్చిందట. "గంట కింద అది నా షిప్పు. గంటయినంక నేను దాంట్ల సుట్టాన్ని" అనేవాడు. ఇంజన్ గదిలోకి దిగాలంటే అప్పటి నుంచి వాళ్ల ఆఫీసరును అడిగి దిగాలి. నిన్నటి దాకా తన చేత్తో తుడిచిన ఇంజన్ దగ్గరికి పర్మిషన్ అడిగి పోవడం ఎట్లుంటదో నీకు తెల్వది బిడ్డా అనేవాడు. అక్కడే ఆగిపోయేవాడు.

ఆరు నెలలు ఉన్నాడు. వచ్చేముందు వాళ్ల కోసం ఒక పుస్తకం రాసి ఇచ్చాడు. కంపెనీ పుస్తకాలు లావుగా ఉంటాయి, ఎవడూ చదవడు, అందుకని తన పనిని తన మాటల్లో, వచ్చీరాని ఇంగ్లీషులో, పెద్దపెద్ద అక్షరాలతో రాశాడు. రోజూ చూడాల్సినవి, వారానికోసారి చూడాల్సినవి, నెలకోసారి, ఏడాదికోసారి. ఏడాదికోసారి అన్న పేజీలో చివరి లైను ఇది: దసరా నాడు రెండు ఇంజన్లూ ఆపాలి, మూతలన్నీ విప్పి కడగాలి, పదమూడు చోట్ల ఎర్ర బొట్టు పెట్టాలి, నిమ్మకాయలు కోయాలి, మళ్లీ తెల్లారిందాకా స్టార్ట్ చేయవద్దు. దసరా తేదీ ప్రతి ఏడాదీ మారుతుంది, నన్ను అడగండి. కింద తాండూరు ఇంటి ఫోన్ నంబరు.

నేనేం కల్పించడం లేదు. ఒక దేశపు నౌకాదళం ఓడ మెయింటెనెన్సు పుస్తకంలో ఆయుధపూజ ఎక్కింది. వాళ్లు దాన్ని ఆయిల్ మార్చడం లాంటిదే అనుకున్నారు.

మొదటి ఫోన్ వచ్చినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. పెద్దనాయన రిటైరై తాండూరు వచ్చేశాడు, మా నాన్నా ఆయనా ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. ఎవరో వింత యాసలో ఇంగ్లీషు మాట్లాడుతున్నాడు, నేను ఆ ఓడ చీఫ్ ఇంజనీరును అంటున్నాడు, ఈ ఏడాది దసరా ఎప్పుడు అని అడుగుతున్నాడు. ఎవరో ఆటపట్టిస్తున్నారని ఫోన్ పెట్టేశాను. మళ్లీ చేశాడు. ఈసారి పెద్దనాయనను పిలిచి, ఆయన చెవిలో అరిచి చెప్పాను. ఆయన ముఖం ఒక్కసారి వెలిగింది. గోడకున్న పంచాంగం తీసి, వేలు పెట్టి చూసి, తేదీ చెప్పాడు. ఆయనకు ఫోన్‌లో వినబడదు కాబట్టి ఆయన మాట నేను చెప్పడం, వాళ్ల మాట నేను అరవడం. ఇంకో సందేహం అడిగాడు చీఫ్. ఎరుపు ఏ రకం పెయింటు వాడాలి? పెద్దనాయన కాసేపు ఆలోచించి, "తుడిస్తే పోయేది ఏదన్న మంచిదే" అన్నాడు. నిమ్మకాయలు ఎందుకు రాశారు, కడగడానికా అని అడిగాడు. "అవ్, కడుగనీకే అని చెప్పు" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అది మొదలు. ప్రతి ఏడాదీ బతుకమ్మ మొదలవుతుందనగా ఆ ఫోన్ వచ్చేది. పెద్దనాయన తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫోన్ పక్కన కూర్చునేవాడు. తేదీ చెప్పడం ఒక నిమిషం పని. ఆ తర్వాత అరగంట ఇంజన్ ముచ్చట్లు. ఎడమ ఇంజన్ నాలుగో సిలిండరు ఎట్లుంది, నూనె తాగుతోందా, పొగ ఏ రంగు. నా గొంతు పోయేది. నాకు పెళ్లయి, వికారాబాద్‌లో టీచరు ఉద్యోగం వచ్చాక, ఇంటి ఫోన్ తీసేశాక, నా సెల్ నంబరు వాళ్లకిచ్చాం. పండుగ ముందు నేను తాండూరు పోవడమో, ఆయన రైలెక్కి వికారాబాద్ రావడమో జరిగేది. ఇద్దరు చీఫులు మారారు. ఫోన్ మాత్రం తప్పలేదు.

ఆ లైను అసలు ఎందుకు రాశావు అని నేను అడగకపోలేదు. రెండుసార్లు అడిగితే రెండు రకాలుగా చెప్పాడు. ఒకసారి, పొరపాటు అన్నాడు. మన ఓడల్లో ఏటా చేసేదే కదా, చేతికి అలవాటైంది, ఇది ఇంజన్ పని ఇది పూజ పని అని విడదీయడం తోచక రాసేశానన్నాడు. ఇంకోసారి, కావాలనే రాశానన్నాడు. ఏడాదికి ఒక్క రోజన్నా మూతలు విప్పి పూర్తిగా కడగాలి, ఊరికే రాస్తే ఏ కెప్టెనూ ఓడను ఆపనివ్వడు, అందుకని అట్లా కట్టేశానన్నాడు. మూడోది పెద్దమ్మతో అంటుంటే విన్నాను. "ఏడాదికోపారన్న ఎవరన్న అడుగాలె గదనే" అన్నాడు. ఈ మూడింట్లో ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక్కో రోజు ఒక్కోటి నిజమనిపిస్తుంది.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

నాలుగేళ్ల కిందట దసరా రెండు రోజులకు పడింది. మనకిది కొత్త కాదు. ఒక పంచాంగం ఈ రోజంటుంది, ఇంకోటి రేపంటుంది, సర్కారు సెలవు ఒకరోజు, గుడిలో పూజ ఇంకోరోజు. ఆ ఏడాది ఫోన్ ముందుగా వచ్చింది, పెద్దనాయన పక్కన లేడు, నేను బడి సెలవు చూసి చీఫ్‌కు ఒక తేదీ చెప్పాను. మర్నాడు పెద్దనాయన ఫోన్ చేయించి, మన అయ్యగారు తెల్లారి రోజు అంటున్నాడు, తప్పు చెప్పినవు, సరిచేయి అన్నాడు. సరే, రెండో తేదీ కూడా పంపాను. కానీ మొదటిది తప్పు అని రాయలేదు. నా తొందర నాది. పాపం వాళ్లు, ఈ ఏడాది దసరా రెండు రోజులు కాబోలు అనుకుని రెండు రోజులూ ఓడను ఆపారు. రెండో రోజు మధ్యాహ్నం ఒక చేపల పడవ ఇంజన్ చెడి సముద్రంలో కొట్టుకుపోతోందని కబురు. ఓడలో మూతలన్నీ విప్పి ఉన్నాయి. డ్యూటీలో ఉన్న ఆఫీసరు పుస్తకం తీసి చూశాడట. తెల్లారిందాకా స్టార్ట్ చేయవద్దు అని ఉంది. పైవాళ్లను అడిగి, మూతలు బిగించి కదిలేసరికి పొద్దుగూకింది. పడవలోని వాళ్లు రాత్రంతా నీళ్లు లేకుండా గడిపారు. మరుసటి రోజు ఎండెక్కాక దొరికారు. అందరూ బతికారు. ఒక ముసలాయనను మాత్రం మోసుకుని దించాల్సి వచ్చిందట.

చీఫ్ ఇదంతా నాకు సంతోషంగానే చెప్పాడు. మీ ఇంజన్ మాట నిలబెట్టుకుంది, మొదటి దెబ్బకే స్టార్టయింది అన్నాడు. నేనూ సంతోషంగానే పెద్దనాయన చెవిలో అరిచాను. ఆయన ముఖంలో రంగు పోయింది. ఎన్ని గంటలు ఆలస్యమైందో మళ్లీ అడిగాడు. ముసలాయనకు ఎన్నేండ్లు అని అడిగాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. పెద్దమ్మ పళ్లెం రెండుసార్లు వేడి చేసి పెట్టింది.

మూడు రోజులకు నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. "ఇంజన్‌కు పండుగ తెల్వది బిడ్డా. మనుషులకు తెలుసు. నేను మనుషుల ముచ్చట ఇంజన్ పుస్తకంల రాసిన. రాసింది సదివేటోడు నా మొకం సూడడు, రాతనే సూస్తడు. గా లైను కొట్టేయుమని చెప్పు" అన్నాడు. చెప్తానన్నాను.

చెప్పలేదు. మెసేజ్ రాశాను, చెరిపేశాను. మళ్లీ రాశాను. ఇది అసలు ఇంజన్ పని కాదు, మా పండుగ, మా పెద్దనాయన పొరపాటున రాశాడు అని రాస్తే వాళ్లేమనుకుంటారు? ఇన్నేళ్లూ బొట్లు పెట్టిన ఆ మనుషులు పడీ పడీ నవ్వరా? ఆయన పేరు చెప్తే లేచి నిలబడే ఆ ఇంజన్ గదిలో ఆయన నవ్వులపాలు కాడా? అదొక్కటే కాదు. లైను పోతే ఫోన్ కూడా పోతుంది. ఆ ఫోన్ లేకపోతే ఈయనకు ఏడాదిలో మిగిలేదేముంది అనుకున్నాను. ఆయన మంచికే అనుకున్నాను. అట్లా అనుకుంటూ నేను చేసిందేమిటో చూడండి.

తాండూరు పోయినప్పుడు అడిగాడు. "చెప్పినవా?"

"చెప్పిన."

"ఏమన్నరు?"

"సరే అన్నరు."

"గంతేనా?"

"గంతే పెద్దనాయనా."

ఇందులో ప్రతి మాటా అరిచి చెప్పాలి. అబద్ధాన్ని మెల్లగా గొణిగి తప్పించుకునే వీలు కూడా మా ఇంట్లో లేదు. వాడకట్టంతా వినేట్టు అరిచాను. ఆయన తలూపి, లేచి, దండెం మీది తువ్వాల తీసుకుని బయటికి పోయాడు.

మరుసటి ఏడాది ఫోన్ వచ్చింది. బడిలో ఉన్నాను, స్టాఫ్ రూమ్ తలుపు వేసుకుని మాట్లాడాను. తేదీ చెప్పాను. ఒక్క తేదీ, సరిగ్గా. ఎవరైనా ఆపదలో ఉంటే మాత్రం ఆగొద్దు, వెంటనే బయల్దేరండి, మా పెద్దనాయన చెప్పమన్నాడు అని నా సొంత కవిత్వం కలిపాను. పెద్దాయన ఎలా ఉన్నారు, ఒకసారి ఇస్తారా అన్నాడు చీఫ్. ఊళ్లో లేడన్నాను. అట్లా మూడేళ్లు. లైను పోకూడదు, ఫోన్ పోకూడదు అనుకున్న నేను, లైనును అక్కడే ఉంచి ఫోన్‌ను మాత్రం ఆయనకు దక్కకుండా చేశాను. ఇంత చదువుకున్నదాన్ని, ఇది నాకు వెంటనే తోచలేదంటే నమ్ముతారా? తోచేసరికి, ఇప్పుడు నిజం చెప్తే రెండు అబద్ధాలు ఒప్పుకోవాలని భయం పట్టుకుంది.

ఆ మూడేళ్లూ బతుకమ్మ రోజుల్లో ఏదో ఒక వంకతో వికారాబాద్ వచ్చేవాడు. కంటి డాక్టరు దగ్గరికన్నాడు ఒకసారి. అనంతగిరి చూడాలనుందన్నాడు ఇంకోసారి, పుట్టినప్పటి నుంచి చూస్తున్న గుట్టను. మా ఇంట్లో ఇస్త్రీ చొక్కాతో కూర్చునేవాడు. నా ఫోన్ ఎక్కడుంటే అక్కడికి ఆయన చూపు పోయేది. సాయంత్రం రైలుకు లేస్తూ, "ఎవరన్న ఫోన్ చేసిన్రా?" అని అడిగేవాడు. ఎవరు అని నేను అడిగితే, "ఎవరన్న" అనేవాడు. లేదని తల అడ్డంగా ఊపేదాన్ని. అరవాల్సిన పని లేకుండా తప్పించుకున్నాను, ఆ ఒక్క అబద్ధానికి మాత్రం.

ఆయనకు తెలిసిందా? ఏమో. పోయిన ఏడాది మాత్రం స్టేషన్‌లో రైలెక్కబోతూ, నా తల మీద చెయ్యి పెట్టి, ఫికర్ చేయకు అన్నాడు. దేని గురించి అన్నాడో చెప్పలేదు. మా అమ్మాయి పరీక్షల గురించే కావచ్చు, అంతకుముందు దాని గురించే మాట్లాడుకున్నాం. ఆ మాటను నేను ఎన్ని విధాలుగా తిప్పి చూసుకున్నానో. ఏ విధంగా చూసినా నాకు ఊరట దొరకలేదు.

మోటారు మీద చెయ్యి పెడితే ఏమైందో చెప్పే మనిషి. నా తల మీద చెయ్యి పెట్టినప్పుడు ఏం తెలిసిందో మరి.

దినాలు అయిపోయాయి. పదకొండో రోజు పిట్టకు పెట్టినప్పుడు ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టాం. కాకి ఎంతసేపటికీ రాలేదు. ఏదన్న కోరిక మిగిలిందేమో అన్నారు చుట్టాలు. చేపల కూర మరిచారని ఒకరు, చాయ్ పెట్టలేదని ఒకరు. చాయ్ తెచ్చి పెట్టారు. నేను గోడ పక్కన నిలబడి, చెప్తాను పెద్దనాయనా, ఈసారి తప్పకుండా చెప్తాను అని మనసులో అనుకున్నాను. కాకి అప్పుడు రాలేదు. చాలాసేపటికి, మేమందరం నీడకు జరిగాక వచ్చి తిన్నది. ఎందుకు వచ్చిందో దానికే తెలియాలి.

బతుకమ్మకు ఇంకా వారం ఉందనగా ఫోన్ మోగింది. చీఫ్ కొత్తవాడు, గొంతు తెలియదు. దసరా ఎప్పుడు మేడమ్ అన్నాడు. మా పెద్దనాయన పోయాడని చెప్పాను. ఆయన ఏదో ప్రార్థన లాంటిది మెల్లగా అన్నాడు. ఆ తర్వాత నేను ఆగకుండా చెప్పేశాను. ఆ లైను ఇంజన్ పని కాదని, అది మా పండుగ అని, ఆయన దాన్ని కొట్టేయమని నాలుగేళ్ల కిందటే చెప్పాడని, నేను చెప్పలేదని, ఆయనతో చెప్పానన్నానని. నవ్వుతాడేమోనని ఎదురుచూశాను. నవ్వలేదు. "అయితే ఆ రోజు మేమేం చేయాలి?" అని అడిగాడు. నాకేం తెలుసు? నేను ఇంగ్లీషు టీచరును. ఆ లైను కొట్టేయండి, ఓడను మామూలుగా నడపండి అన్నాను. సరే అన్నాడు. గంతే.

ఫోన్ పెట్టేశాక గుండె తేలిక పడాలి కదా. పడలేదు. పెద్దనాయన మాట నిలబెట్టానా, ఆయన అక్కడ మిగిల్చుకున్న ఒక్క లైనునూ నా చేత్తో చెరిపేశానా, ఏదీ తేలలేదు. చేయాల్సిన పని చేశాక కూడా ఇంత అయోమయం ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

దసరా రోజు తాండూరు పోయాను. ఏడాది సూతకం, మా ఇంట్లో పండుగ లేదు. వీధి నిండా పండుగే. రాళ్ల లారీలు కడిగి బంతిపూల దండలు వేశారు, టైర్ల కింద నిమ్మకాయలు నలుగుతున్నాయి. పాలిష్ మిషన్లన్నీ ఆపేశారు. తాండూరు అంత నిశ్శబ్దంగా ఉండేది ఏడాదికి ఆ ఒక్క రోజే. జమ్మి ఆకు పట్టుకుని పెద్దలకు మొక్కడానికి తిరిగే పిల్లలు మా గుమ్మం ముందు ఆగకుండా పోతున్నారు. పెద్దమ్మ అరుగు మీద ఒట్టి చేతులతో కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చున్నాను.

మధ్యాహ్నం నా ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. మీరు చెప్పినట్టే ఈ రోజు ఓడను సముద్రంలోకి తెచ్చాం, అంతా బాగుంది అని రాశాడు చీఫ్. కింద, ఇంజన్లు స్టార్ట్ చేసేటప్పటి శబ్దం రికార్డు చేసి పెట్టాడు. నొక్కాను. ఎవరో కేక వేశారు, గాలి బుస్సుమన్న చప్పుడు, ఒక దగ్గు లాంటిది, ఇంకో దగ్గు, ఆ తర్వాత రెండు ఇంజన్లూ ఒక్కసారి అందుకున్నాయి. గుమ్మం దగ్గర పడుకున్న కుక్క లేచి పోయింది. ఫోన్ నా చేతిలో అదురుతోంది.

"ఏందే గది?" అంది పెద్దమ్మ.

"పెద్దనాయన ఇంజన్."

పెద్దమ్మ ఫోన్ వైపు ఒంగింది. నలభై ఏళ్ల కాపురంలో ఆమె ఆ ఓడను చూడలేదు. అది మిగిల్చిన చెవుడుతోనే కాపురం చేసింది. రెండు నిమిషాల రికార్డు పూర్తిగా విన్నది. "గింత లొల్లిల కూసున్నడా మనిషి" అంది. మళ్లీ పెట్టమంది. పెట్టాను. ఈసారి ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, రెండు చేతులతో ముఖం దగ్గరగా పట్టుకుంది. ఎన్నో ఏళ్లుగా అరవడమే అలవాటైన ఆ గొంతు పూర్తిగా తగ్గించి, ఆ మోతలోకి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి. పక్కనే కూర్చున్న నాకు ఒక్క మాటా వినబడలేదు. ఇంజన్ ఆగిపోగానే ఆపి, ఫోన్ నా వైపు చాపింది, మళ్లీ పెట్టమని.